నవల ఒకటి, నిజం పుస్తకం ఒకటి: మీరు జత కలిపి చదివినవి ఏవి?

పెన్నేటి ఇసుక (కడప)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా అడగాలనుకుంటున్నది ఇవాళ అడుగుతున్నా.

డిగ్రీలో ఉండగా స్టైన్‌బెక్ ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ (1939) చదివాను. కరువూ అప్పూ కలిసి తరిమితే జోడ్ కుటుంబం పాత కారును కోసి లారీలా చేసుకుని, సామానంతా దాని మీదికెత్తి, ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకు బయలుదేరుతుంది. పదిహేనేళ్లయినా ఆ బండి నా కళ్ల ముందు నుంచి పోలేదు. పోయిన నెల టిమతీ ఈగన్ ‘ది వరస్ట్ హార్డ్ టైమ్’ (2006) చేతికొచ్చింది. అదే కరువు, అవే 1930లు. కాకపోతే ఇది నవల కాదు. ఆ దుమ్ములో బతికి బయటపడ్డ ముసలివాళ్లను కలిసి, డైరీలు తిరగేసి రాసింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలు చీకటి చేసిన దుమ్ముగోడ గురించి చదువుతుంటే గొంతులో గరగర వచ్చింది నాకు.

నన్ను పట్టుకున్న సంగతి ఏమంటే, ఈగన్ ముఖ్యంగా రాసింది ఊరొదిలి పోయినవాళ్ల గురించి కాదు. కదలకుండా అక్కడే ఉండిపోయినవాళ్ల గురించి. ఆ దుమ్ముకు నడిబొడ్డున ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎక్కడికీ పోలేదు. జోడ్ కుటుంబం ఊరు సాలిసా, అది తూర్పు ఓక్లహోమా. దుమ్ము లేచింది ఆ రాష్ట్రానికి పడమటి కొసన. ఇన్నేళ్లూ నా బుర్రలో ‘కరువు అంటే వలస’ అని ఒకటే బొమ్మ. ఇప్పుడు కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని ఇంట్లోనే కూర్చున్నవాళ్ల బొమ్మ వచ్చి దాని పక్కన చేరింది. నవల అబద్ధం చెప్పలేదు. పోయినవాళ్ల వెంట పోయింది, అంతే.

మీరూ ఇట్లా ఒకే సంగతి మీద ఒక నవల, ఒక నిజం పుస్తకం కలిపి చదివి ఉంటే చెప్పండి. మన సీమవి అయితే ఇంకా సంతోషం. పేర్లు మాత్రం రాసి పోవద్దు, రెండోది చదివాక మొదటిది ఎట్లా మారిందో చెప్పండి.

వేరుశెనక్కాయ (అనంతపురం)

అన్నా, తడిగుడ్డల మాట చదివి మా అవ్వకు ఫోన్ చేసినా.

మాది బొమ్మనహాళ్ పక్క. హగరి ఒడ్డు. ఆ పక్క తిరిగినవాళ్లకు తెలుసు, ఏటి ఇసుక గాలికి లేచి చేలల్లో దిబ్బలు దిబ్బలుగా పడుతుంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పోతే, పొద్దున లేచేసరికి గడప లోపల వేలు మందాన ఇసుక. దాని మీద పిల్లి అడుగులు. అవ్వ చీపురుతో ఊడ్చదు, చాటతో ఎత్తి బయట పోస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ అంతే. మా నాయనోళ్లు నలుగురు అన్నదమ్ముల్లో ముగ్గురు బెంగళూరు పోయినారు, ఒకాయన కేరళ. అవ్వ మాత్రం కదల్లే. ‘నేను కూడా వస్తే ఈ ఇసుక ఎవురెత్తుతారు రా’ అంటుంది. జోక్ చేస్తుందో నిజంగానే అంటుందో నాకు ఇప్పటికీ తెలీదు.

వలస మీద మనోళ్లు రాసిన కథలు చాలా చదివినా. ఉండిపోయినవాళ్ల మీద అంత పెద్ద పుస్తకం ఉందని ఇప్పుడే వింటున్నా. నాకు అరువిస్తావా?

పెన్నేటి ఇసుక (కడప)

ఇస్తా తమ్ముడూ. పెన్సిల్ గీతలు ఉంటాయి, ఏమనుకోవద్దు.

పాతపుస్తకాల పిచ్చి (కర్నూలు)

నా జత మూడు కాళ్లది.

బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ మీలో చాలామంది చదివే ఉంటారు. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 18వ శతాబ్దపు అనంతపురం, హండే పాలకులు, చెరువులు, కరువులు, కింది కులాల బతుకు. దానికి జత సి.పి. బ్రౌన్ 1853లో మద్రాసులో అచ్చేయించిన ‘ది వార్స్ ఆఫ్ ది రాజాస్’. పేరు చూసి పెద్ద యుద్ధాలనుకునేరు. అది అనంతపురం స్థానిక చరిత్ర, తెలుగులో ఉన్నదాన్ని బ్రౌన్ ఇంగ్లీషు చేశాడు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ అనే ఇల్లాలు బలైన కథ అందులోదే. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి ఆధారం అదే. అంటే ఒకే ఊరి చరిత్ర నుంచి ముందు కావ్యం వచ్చింది, వందేళ్లు దాటాక అదే గడ్డ మీద నవల వచ్చింది.

ఇక మూడో కాలు మెకంజీ కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రల పాత రికార్డులు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, ముసలివాళ్లను అడిగి రాయించుకున్నవి. కడప జిల్లావి బ్రౌన్ గ్రంథాలయం వాళ్లు సంపుటాలుగా అచ్చేశారు. చదవడానికి మొదట విసుగు. ఫలానా చెరువు ఎవరు తవ్వించారు, ఫలానా మాన్యం ఎవరికి దక్కింది, ఇదే వరస. కానీ నవల అయ్యాక చదివితే ఆ విసుగే రుచి పడుతుంది. కైఫియత్తులో కట్టించిన దొర పేరు ఉంటుంది. కట్ట మీద మట్టి మోసినవాడి పేరు ఉండదు. నవల ఆ మట్టి మోసినవాడి దగ్గర మొదలెడుతుంది.

ఒక చిన్న సోది. నా దగ్గర కైఫియత్తుల సంపుటం ఒకటి 2009 అక్టోబరు వరదలో మునిగింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చిన రోజు. నీళ్లు తీశాక మిద్దె మీద ఎండబెడితే పేజీలు అప్పడాల్లా అయినాయి. కొన్ని చోట్ల రెండు పేజీలు ఒకటై పోయినాయి, చాకు పెట్టినా విడిపోవు. చెరువుల గురించిన పుస్తకం నీళ్లల్లో పోవడం ఏందో. ఆ అతుక్కున్న పేజీల్లో ఏ ఊరుందో చూద్దామని ఇంకో ప్రతి ఎన్నిసార్లు తీసినా ఆ పేజీ వరకు వచ్చి మూసేస్తా.

సూటిగా (ప్రొద్దుటూరు)

అందరూ సంతోషంగా ఉన్నారు, మధ్యలో నేను చెడగొడుతున్నా, క్షమించండి.

నాకు ఈ జతల వ్యవహారం నచ్చదు. నవలను తీసుకుపోయి రికార్డు పక్కన నిలబెట్టి ‘ఇది నిజమే రాశాడా’ అని చూడటం, కోర్టులో సాక్షిని అడ్డప్రశ్నలు వేసినట్టు ఉంటుంది. రచయిత ప్రమాణం చేసి రాయలేదు కదా. పై పోస్టులోనే చూడండి, జోడ్ కుటుంబం ఊరు దుమ్ము ప్రాంతంలో లేదు అన్నారు. అయితే ఏమైంది? ఆ అమ్మ, ఆ బండి, ఆ ఆకలి అబద్ధమైపోయాయా? సీమ నవలలకు ఈ బాధ ఇంకా ఎక్కువ. ఎవరు సీమ నవల రాసినా ముందు అడిగే ప్రశ్న ‘ఇది నిజంగా జరిగిందా, ఏ ఊర్లో’ అని. గోదావరి జిల్లాల నవలను ఎవరూ అట్లా అడగరు.

పెన్నేటి ఇసుక (కడప)

అన్నా, అబద్ధమైపోయిందని నేను అనలేదు. అది పోయినవాళ్ల వెంట పోయింది అన్నా. అయినా స్టైన్‌బెక్ నవల ముందే పుట్టలేదు. 1936లో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక ఒకదానికి వలస కూలీల గుడారాల మీద ఏడు వ్యాసాలు రాశాడు, ‘ది హార్వెస్ట్ జిప్సీస్’ అని. అవి పుస్తకంగా దొరుకుతాయి. సన్నది, ఒక పూటలో అయిపోతుంది. మూడేళ్ల తర్వాత నవల. రచయితే తన జత తను తయారు చేసుకున్నప్పుడు, మనం పక్కపక్కన పెట్టి చదివితే తప్పేముంది? ఆ వ్యాసాల్లో ప్రతి కుటుంబానికీ ఒక పేరా. నవలలో ఒక్క కుటుంబానికే వందల పేజీలు. ఏడు వ్యాసాలు రాసినా చాలనిది ఆయనకు ఏం మిగిలిపోయిందో, అది తెలుసుకోవాలని నా ఆశ. అడ్డప్రశ్న కాదు.

సూటిగా (ప్రొద్దుటూరు)

ఆ చివరి మాట ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

మాస్టారు (నంద్యాల)

బాబూ, మీరిద్దరూ కొట్లాడుకుంటుంటే నాకు ఒక మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది.

‘ఏడు తరాలు’ మన తరంలో చదవనివాడు తక్కువ. అలెక్స్ హేలీ ‘రూట్స్’ (1976)కు సహవాసి తెలుగు. నేను దాన్ని నవలనుకునే చదివాను, పక్కింటాయన చరిత్ర అనుకుని చదివాడు. ఇద్దరం టీ బంకు దగ్గర దీనికే వాదులాడుకున్నాం. తర్వాత తెలిసింది, హేలీనే అడిగితే ఆయన చెప్పిన మాట ‘ఫ్యాక్షన్’ అని! ఫ్యాక్టూ ఫిక్షనూ కలిపితే ఫ్యాక్షన్ అట. నంద్యాలలో కూర్చుని ఆ మాట చదివితే ఎట్లుంటుందో ఊహించుకోండి. మనకు ఫ్యాక్షన్ అంటే సుమోలు, బాంబులు. ఆయనకు తాత ముత్తాతల కథ.

నవ్వు పక్కన పెడితే, అందులో ఒక చేదు ముక్క ఉంది. హెరాల్డ్ కూర్లాండర్ అనే ఆయన 1967లో ‘ది ఆఫ్రికన్’ అని నవల రాశాడు. అందులోవి కొన్ని ముక్కలు ‘రూట్స్’లోకి వచ్చాయని కేసు వేస్తే 1978లో హేలీ 6,50,000 డాలర్లు ఇచ్చి రాజీ పడ్డాడు. నిజం అని చెప్పుకున్న పుస్తకంలో ఇంకొకరి కల్పన దూరిందన్నమాట. కాబట్టి సూటిగా గారూ, అడ్డప్రశ్నలు వేయాల్సింది నవలను కాదు, ‘నేను నిజం’ అని బోర్డు పెట్టుకున్న పుస్తకాన్ని. ఆ మాటకొస్తే ‘రూట్స్’ కథానాయకుడు కుంటా కింటే నాకు ఇప్పటికీ బంధువే. ఆ కేసు సంగతి తెలిశాక కూడా.

చిత్రావతి (ధర్మవరం)

పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చాను. దొరలు, పాలెగాళ్లు, తాతలు. ఆడవాళ్ల జత ఒక్కటీ లేదు, గమనించారా?

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో వనజ ఆడబాప, అంటే దొరల ఇంటి దాసి. దేశ్‌ముఖ్ గడీలో పుట్టి పెరిగి, పెళ్లి అనే మాటకే అర్హత లేని పిల్ల. నవల చదివినప్పుడు ఏడ్చాను. తర్వాత ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) చదివాను. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి అచ్చేసిన పుస్తకం. అందులో ఎవరూ ఏడిపించడానికి చెప్పరు. అడవిలో దళంతో తిరుగుతూ కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన సంగతి కూడా ఊర్లో నీళ్లకు పోయొచ్చినట్టు చెబుతారు. చెప్పి, పోరాటం అయిపోయాక మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు అని ఇంకో ముక్క అంటారు.

నవల వనజ మీద జాలి పుట్టించింది. ఈ పుస్తకం చదివాక ఆ జాలి మీదే నాకు చిరాకు వచ్చింది. వనజ నోరు విప్పి తన కథ తనే చెబితే ఎట్లా ఉండేదో అని. ఇంతకుముందు నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఇంకొకటి చెప్పి పోతా. చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’, మన అనంతపురం దళిత నవల. దానికి జత వెతకనక్కర్లేదు, అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’. 1936లో లాహోర్ సభలో చదవాల్సిన ప్రసంగం, సభ పెట్టినవాళ్లే భయపడి రద్దు చేస్తే ఆయనే అచ్చు వేయించుకున్నాడు. ఇక్కడ మాత్రం అంబేడ్కర్‌ను ముందు చదవండి. నవల తర్వాత చదివితే, ఆ వాదనలో ఒక్కో మెట్టూ ఊర్లో ఎవరి గడప ముందు ఆగిపోతుందో కనబడుతుంది.

పాతపుస్తకాల పిచ్చి (కర్నూలు)

అక్కా, ‘మనకు తెలియని మన చరిత్ర’ నా అరలో ఇరవయ్యేళ్లుగా చదవకుండా ఉంది. వరదలో కూడా పై అరలో ఉండి బతికిపోయింది. ఈ రాత్రికే తీస్తా.

నైట్ డ్యూటీ (కర్నూలు)

మెడికో గోల ఒకటి. కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’ మా నాన్న ఇచ్చాడు, డాక్టరు కాబోతున్నావు చదువు అని. అతుల్ గవాండే ‘కాంప్లికేషన్స్’ (2002) సీనియర్ ఇచ్చాడు. రెండూ ఒకే వారం డ్యూటీ మధ్యలో చదివా. గవాండే మొదటి వ్యాసంలోనే ఒప్పుకుంటాడు: మేం చెయ్యి తిరగడం నేర్చుకునేది బతికున్న మనుషుల మీదే అని. ఛాతీ పైభాగాన పెద్ద రక్తనాళంలోకి సన్న గొట్టం పెట్టడం మొదటిసారి సరిగా రాలేదని రాస్తాడు. నేను ఆ వాక్యం చదివింది తెల్లవారుజాము మూడింటికి, అదే పని నాకు మూడోసారి కూడా రాని రోజు. టెన్షన్ తగ్గిందని చెప్పను, ఒంటరితనం తగ్గింది. వార్డు పిలుస్తోంది, ఉంటా.

గొర్రెలమంద (పోరుమామిళ్ల)

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. ఎవరూ అనలేదేమా అని చూస్తున్నా. సినిమా చూసి ఆగిపోయినవాళ్లు నవల చదవండి, రెండూ ఒకటి కాదు.

కరువొచ్చి ఊర్లో మేత, నీళ్లు అడుగంటితే గొర్రెలను తోలుకుని నల్లమల ఎక్కడమే కొండపొలం. మా చిన్నాయన పోయినవాడే. చద్దిమూట, దుప్పటి, గొడ్డలి. రాత్రి మంద చుట్టూ నెగడు వేసుకుని వంతులవారీగా మేలుకోవడం. పులి వాసన మనిషికంటే ముందు గొర్రెకు తెలుస్తుందట, మంద అంతా ఒక్కసారి తల ఎత్తి నమలడం ఆపేస్తుందట. చిన్నాయన ఆ సంగతి చెప్పేటప్పుడు తనూ నమలడం ఆపేసి చూపిస్తాడు.

దీనికి జత క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ ‘ది చెంచూస్’ (1943). ఆయన ఆస్ట్రియా మనిషి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి శత్రుదేశపు పాస్‌పోర్టు అయి, నిజాం రాజ్యం దాటి పోకూడదన్నారు. సరే అని ఇక్కడి అడవుల్లోకి పోయి కూర్చున్నాడు. అది నల్లమలకు ఉత్తరపు దిక్కు, కృష్ణ అవతల. చెంచులు గడ్డలు తవ్వడం, తేనె తీయడం, పెంటల్లో (వాళ్ల చిన్న గూడేలను అట్లా అంటారు) గుడిసెలు వేసుకోవడం అన్నీ పూసగుచ్చినట్టు రాశాడు.

‘కొండపొలం’లో అడవి అంటే కొన్నాళ్లు పోయి పరీక్ష నెగ్గి వచ్చే చోటు. పిల్లోడు భయస్తుడిగా ఎక్కి గట్టివాడై దిగుతాడు. చెంచుల పుస్తకంలో అదే అడవి ఇల్లు. ఇంట్లో ఎవరైనా ధైర్యం నేర్చుకుంటారా? రెండోది చదివాక నాకు మా చిన్నాయన మాటలు వేరేగా వినబడినాయి. ఆయన కథలో చెంచులు ఎప్పుడూ దారి చూపించి వెళ్లిపోయేవాళ్లే. ఎక్కడికి వెళ్లిపోతారు అని నేనెప్పుడూ అడగలేదు.

మాస్టారు (నంద్యాల)

చివరి రెండు వాక్యాలకు నమస్కారం నాయనా.

నాదొక జత మిగిలింది, చెప్పేస్తా. కర్నూలు రచయిత ఎస్.డి.వి. అజీజ్ ‘పాలెగాడు’, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద నవల. దాని పక్కన బర్టన్ స్టైన్ రాసిన ‘థామస్ మన్రో’ (1989). 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేస్తే మన్రో కలెక్టరుగా వచ్చి ఏడేళ్లున్నాడు. పాలెగాళ్లను అణిచి, రైతుతోనే నేరుగా శిస్తు కట్టించుకున్నాడు. అణిగిన కుటుంబాలకు తవర్జీలు, అంటే నెలనెలా ఇచ్చే భత్యాలు, మిగిలాయి. నరసింహారెడ్డికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ తవర్జీ దగ్గర మొదలైన గొడవ 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికొయ్య దాకా పోయింది.

విచిత్రం ఏమంటే, మన సీమ జనం ఇద్దరినీ నెత్తిన పెట్టుకున్నారు. నరసింహారెడ్డి మీద పాటలు కట్టారు. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోతే పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మా నాయన స్నేహితుడొకాయన మన్రోలప్పే, తెల్లదొర పేరని ఆయనకు తెలీదు, ఏదో దేవుడనుకున్నాడు. నవల ఒక్కటే చదివితే మన్రోలప్ప అర్థం కాడు. మన్రో జీవితం ఒక్కటే చదివితే ఆ పాట అర్థం కాదు.

సూటిగా (ప్రొద్దుటూరు)

మాస్టారూ, ఇదొక్కటీ నేను జతగా చదువుతా. ‘పాలెగాడు’ ఉంది, స్టైన్ పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. నా అభిప్రాయం మారలేదు, ముందే చెబుతున్నా.

మాస్టారు (నంద్యాల)

నా దగ్గరుంది. మారకపోయినా ఇస్తా, చింపకుండా తెస్తే చాలు.

వేరుశెనక్కాయ (అనంతపురం)

అన్నా, పుస్తకం మొన్న బస్సులో పంపించింది అందింది. శనివారం ఊరికి పోయినా. అవ్వకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే రెండు పేజీలు తెలుగులో చెప్పుకుంటూ పోయినా. కిటికీలకు తడిగుడ్డలు కట్టేది, పళ్లేలు బోర్లించి పెట్టి తినేముందు తిప్పుకునేది. చాట పక్కన పెట్టి విన్నది. మధ్యలో ఒకటే అడిగింది: ‘అంత ఉండి, బోరు వేయించుకోలేదా వాళ్లు?’

నేను ఇంకా సగంలోనే ఉన్నా. ఏం చెప్పాల?

పెన్నేటి ఇసుక (కడప)

తర్వాత వేయించుకున్నారు తమ్ముడూ. కింద ఒగల్లాలా అని పెద్ద నీటి పొర ఉంది. యుద్ధం అయ్యాక మోటార్లు పెట్టి తోడటం మొదలెట్టి, మళ్లీ పచ్చగా చేసుకున్నారు. ఇప్పుడు అదీ కిందికి పోతోంది.

వేరుశెనక్కాయ (అనంతపురం)

చెప్పినా. ‘ఎన్ని అడుగులకు పడిందంట?’ అంటోంది. అన్నా, ఆ లెక్క పుస్తకంలో ఎక్కడుందో పేజీ నంబరు పెట్టు.